పిలక కథ ఫలించునా?



పెరటిలో అరటి పెంచిన వారికి పిలకల సంగతి తెలియును. తల్లిచెట్టు మొదట అవి పుట్టుచునే యుండును. అన్నిటిని ఉండనిచ్చిన తల్లి సారము చీలిపోయి గెల చిన్నదగును. అన్నిటిని పెరికివేసిన, గెల కోసి తల్లిని నరికిన నాడు పెరడు బోసిపోవును. కావున తెలిసిన యిల్లాలు బలమైన పిలక నొక్కదానిని ఏరి ఉంచి, తక్కినవి త్రవ్వి తీయును. ఏది ఉంచదగినదో, ఏది తీయదగినదో గుర్తెరుగుటయే అక్కడి విద్య. కథల విషయమునను ఇట్టి వివేకమే కావలయునని ఈ నడుమ మాకు తోచినది. ఒక పెద్దకథలో మూలనున్న పాత్రను తీసికొని, దానికి వేరుగా నొక కథ కట్టినచో అది నిలుచునా? నిలిచినను, తల్లికథకు మేలు చేయునా, కీడు చేయునా? ఈ మాసము దీనిని గూర్చియే ముచ్చటింతము.

ఇది మనకు కొత్త పని కాదు. అల్లసాని పెద్దన మనుచరిత్రమునకు మూలము మార్కండేయ పురాణమునందలి యొక భాగమే. మారన దానిని అంతకు ముందే తెనిగించి యుండెను. పురాణములో ప్రధానుడు స్వారోచిష మనువు; ప్రవరుడు ఆ మనువు పుట్టుకకు దూరకారణమైన బ్రాహ్మణుడు మాత్రమే. నేడు మనుచరిత్రమనగానే మన నోట ముందు వచ్చునది ఎవరి పేరు? ప్రవరుడు, వరూధిని. మనువును తలచువారు అరుదు. ఇక వాల్మీకి రామాయణమున ఊర్మిళకు మాట లేదు. ఆ మౌనమును ఓర్వజాలక మన యాడువారు ఆమె పదునాలుగేండ్ల నిద్రను పాటగా కట్టుకొని, దంపుళ్ళ వద్దను, ఊయెలల వద్దను పాడుకొనిరి. పెద్దకథ విడిచిపెట్టిన చోటునుండి చిన్నకథ మొలకెత్తుట మన యింటి ఆచారమే.

జపాను దేశమున మాంగాలని బొమ్మలకథలు కలవు. అవి వారపత్రికలలోను మాసపత్రికలలోను ధారావాహికముగా వెలువడి, పిమ్మట సంపుటములగును. ఒక కథకు పేరు వచ్చెనేని, అందలి పక్కపాత్రను ముందునకు దెచ్చి వేరొక కథ ప్రారంభించుట అక్కడ బాగుగా పాతుకొనిన పద్ధతి. దీనిలో వ్యాపారము లేకపోలేదు. పేరుగల కథకు పాఠకులు సిద్ధముగా నుందురు. కాని వ్యాపారముకొరకు పుట్టినదెల్ల నీరసమని తోసివేయుట న్యాయము కాదు. ఒక్క ఉదాహరణము తీసికొని పరిశీలింతము.

ఫుకుమోతో నొబుయుకి అను చిత్రకారుడు 1996లో 'కైజీ' అను కథను కోదాన్షావారి వారపత్రిక యంగ్ మ్యాగజీన్‌లో ఆరంభించెను. 1998లో దానికి కోదాన్షా మాంగా పురస్కారము లభించినది. ఇది అప్పుల కథ. కైజీ అను నిరుద్యోగి యువకుడు తన పరిచయస్థుని అప్పునకు హామీ సంతకము చేయును. ఆ మనుష్యుడు కనబడకుండ పోవును. తీసికొన్నది 3,00,000 యెన్లు. నెలకు నూటికి 20 చొప్పున చక్రవడ్డీ పెరిగి, 14 నెలలలో అది 38,50,000 యెన్లు దాటినది. పలక తీసికొని గుణించి చూడుడు, లెక్క సరిపోవును. చిత్రకారుడు ఆ అంకెలను వట్టి భయము పెట్టుటకు వేయలేదు.

ఆ ఋణము తీర్చుకొనుటకు కైజీని ఒక నౌక యెక్కింతురు. అందరును అప్పులవాండ్రే. అక్కడ చిన్నపిల్లలాడు రాయి, కాగితము, కత్తెర యాటను చీట్లతో ఆడవలయును. గెలిచినవాడు బయటపడును, ఓడినవాని బ్రతుకు తెల్లవారును. ఆ నౌకలో వేదికపై నిలిచి, అప్పులవాండ్రను చిన్నబుచ్చి, ధనము విలువను గూర్చి గంభీరోపన్యాసము చేయు నడివయసు పెద్దమనిషియే తొనెగావా. తెయ్యాయ్ అను వడ్డీవ్యాపార సంస్థలో అధ్యక్షుడు హ్యోదోకు లోబడిన పై యధికారులలో నొకడు. పిమ్మట ఎత్తైన భవనముల నడుమ ఉక్కుదూలముపై మనుష్యులను నడిపించి, పడి చచ్చుచున్నను ధనికులు వేడుక చూచునట్టి ఘోరమును జరిపించునదియు అతడే.

చివరకు కైజీయు తొనెగావాయు ఎదురెదురుగా కూర్చుండి ఒక చీట్లాట ఆడుదురు. అందు మూడే జాతులు: చక్రవర్తి, పౌరుడు, బానిస. చక్రవర్తి పౌరుని గెలుచును. పౌరుడు బానిసను గెలుచును. పోగొట్టుకొనుటకేమియు లేని బానిస చక్రవర్తిని గెలుచును. తొనెగావా మోసముతో ఆడియు బానిసచీటికి ఓడిపోవును. అంతట హ్యోదో ఆజ్ఞ చొప్పున అతడు కాలుచున్న ఇనుపరేకుపై మోకరిల్లి, నుదురు ఆనించి, 10 సెకన్లు క్షమాపణ చెప్పవలయును. అతడు ఎవరి సాయమును కోరక, అంతకు మించియే అట్లుండును. ఆ బొమ్మలు చూచునపుడు, ఎంత క్రూరుడైనను, మన యొడలు జలదరించును.

2015లో ఇతనిని నాయకునిగా జేసి 'చూకాన్ కన్రిరోకు తొనెగావా' అను పిలకకథ మొదలైనది. నడిమి యధికారి నిర్వాహచరిత్ర యని దాని పేరునకు సుమారుగా అర్థము చెప్పుకొనవచ్చును. హగివర టెన్సెయి కథ కూర్చగా, హషిమోతో తొమొహిరో, మియోషి తొమొకి బొమ్మలు వేసిరి. మూలకర్త సహకారము వారికి గలదు. 2017 సంవత్సరపు 'కొనో మాంగా గా సుగోయ్' అను వార్షిక గ్రంథమునందు పురుష పాఠకుల పట్టికలో ఇదియే ప్రథమస్థానము నందినది. 2018లో బొమ్మలాట చిత్రముగా దూరదర్శనమునకెక్కెను. 2020లో పది సంపుటములతో ముగిసినది.

మా అక్కగారి కుమార్తె జపాను భాష నేర్చుచున్నది. సెలవులకు మా యింటికి వచ్చినపుడు ఈ రెండు కథలను మా ముందు పరచి, పుటపుటకు అర్థము చెప్పినది. పిలకకథలో తొనెగావా చేయు పనియేమి? అధ్యక్షులవారికి విసుగు పుట్టినది. ఆయనకు వినోదము కలుగునట్లు అప్పులవాండ్రతో ఆడింపదగిన ప్రాణాంతకపుటాట నొకదానిని కల్పింపవలయునని ఆజ్ఞ. దానికై తొనెగావా ఒక జట్టును కూర్చును. జట్టులోని వారందరును ఒకే నల్లని దుస్తులు, ఒకే నల్లని కండ్లద్దములు. ఎవరెవరో గుర్తు పట్టలేక, పేర్లు తలకెక్కక, ఆ గంభీరపురుషుడు పడు పాట్లే మొదటి హాస్యము. పైన అధ్యక్షుని మనసు ఏ క్షణమున ఎటు తిరుగునో తెలియదు. క్రింద వారు తన్ను గౌరవించుచున్నారో, నవ్వుచున్నారో తెలియదు. నడుమ ఇతడు.

హాస్యము పండిన విధము గమనింపదగినది. తల్లికథలో ప్రాణాపాయ సమయమున జనుల గుండెదడను చూపుటకు బొమ్మల నడుమ 'జవ, జవ' అను ధ్వన్యక్షరములు వ్రాయుట ఫుకుమోతో వారి ముద్ర. పిలకకథవారు ఆ యక్షరములను, ఆ కోసు ముక్కులను, ఆ చెమటబొట్లను, ఆ గంభీర వ్యాఖ్యానమును యథాతథముగా నుంచి, వాటిని కార్యాలయపు సమావేశములకు పూసిరి. ప్రాణము పోవునా నిలుచునా యను స్వరముతో, క్రిందివాని పేరు మరచితినే యను దిగులును చెప్పుదురు. చెప్పు తీరు మారలేదు. చెప్పబడిన వస్తువు మారినది. అందువలన నవ్వు పుట్టినది. మూలమును చదువని వారు కూడ నవ్వుదురు. చదివిన వారు రెండింతలు నవ్వుదురు. పిలక తన వేళ్ళపై తాను నిలువగలిగినదనుటకు ఇదియే ప్రమాణము.

కాని మా పిల్ల ఒక ప్రశ్న వేసినది. "పిన్నీ, నవ్వితిమి, బాగున్నది. వీరందరును కూర్చుండి ఆలోచించుచున్నది ఆ నౌకలోని యాటనే గదా? ఈ సమావేశము ముగియగానే ఎందరి కొంపలో మునుగును. ఇట్టివానిపై జాలి పుట్టించుట తప్పు కాదా?" అని యడిగినది. మేము వెంటనే బదులు చెప్పలేకపోతిమి. ఏలయన, ఆ ప్రశ్న పుస్తకమును దాటి మా వీధిగుమ్మము దాక వచ్చినది.

కొన్నియేండ్ల క్రిందట మా వారు తమకు తెలిసినవారొకరి అప్పునకు హామీ సంతకము చేసిరి. ఆ పెద్దమనిషి ఊరు విడిచిపోయిరి. అప్పిచ్చిన వారు మా గుమ్మమునకు వచ్చిరి. వచ్చినవారనగా యజమానులు కారు. వారి వసూలు గుమాస్తా. నెల మొదటి వారమున సైకిలు గోడకానించి, వీథియంతయు వినునట్లు "మాస్టారూ!" యని కేక వేయును. బడిపంతులు జీతము రాక పూర్వమే ఆ కేక వచ్చును. మా పిల్లలు ఆ గొంతు వినగానే పుస్తకములు మూసి లోపలికి పోవుదురు. ఆ నాలుగేండ్లు మా కంటికి లోకములో అతనికన్న దుష్టుడు లేడు. అతనికి ఇల్లు, ఆకలి, పేరు కలవని మేమెన్నడును తలచి యెరుగము.

ఒక వేసవి మధ్యాహ్నము కేక వేసి, అరుగుమీద చతికిలబడి, మంచినీళ్ళడిగెను. చెంబుతో ఇచ్చితిమి. త్రాగి, చెంబు దించి, మావైపు చూడక ఇట్లనెను: "కేకెయ్యకుండా వస్తే ఊరుకోరమ్మా. పక్కవాళ్ళు విన్నారా లేదా అని కూడా అడుగుతారు." అంతకుమించి ఏమియు చెప్పలేదు. సైకిలు తీసికొని పోయెను. ఆ రాత్రి మాకు అన్నము సయించలేదు. మరుసటి నెల వచ్చి, ఎప్పటివలెనే వీథి యదరునట్లు కేక వేసెను. మేము ఎప్పటివలెనే సిగ్గుతో తల వంచుకొంటిమి. అతనిపై మాకు కలిగిన జాలివలన ఒక్క రూపాయి తగ్గలేదు. ఆ కేకవలన కలిగిన నొప్పియు తగ్గలేదు. కాని ఆ దినమునుండి మా కోపము అతనిని దాటి, ఆ కేకను లెక్కవ్రాయించుకొను వారిదాక పోవ నేర్చినది.

ఇదియే మా పిల్లకు చెప్పిన బదులు. జాలి వేరు, క్షమ వేరు. తొనెగావాపై జాలి పడుటచేత దూలముమీదినుండి పడినవారు లేచి రారు. కాని అతడు పుట్టుకతోనే రాక్షసుడనుకొన్నంతకాలము, అట్టి ఘోరములు రాక్షసులే చేయుదురని మనము నిశ్చింతగా నిద్రపోవచ్చును. పేర్లు మరచి తికమకపడువాడు, పైవాని ముఖము చూచి వణకువాడు, క్రిందివారిచే మంచివాడనిపించుకొన గోరువాడు, మన యింటి వంటివాడే అట్టి పని చేయుచున్నాడని తెలిసిన పిమ్మట ఆ నిద్ర పట్టదు. పిలకకథ తల్లికథను చులకన చేయలేదు. ఇంకను భయంకరము గావించినది. అదిగాక, తల్లికథ చదివినవారికి ఇతని ముందున్న ఇనుపరేకు తెలియును. నవ్వు నడుమ ఆ వేడి తగులుచునే యుండును. ఎవని మెప్పుకొరకు ఇతడు తలక్రిందులగుచున్నాడో, ఆ హ్యోదోయే ఇతనిని దానిపైకి నెట్టువాడు. ఆ చీట్లాటలో చక్రవర్తిచీటి పట్టుకొని కూర్చున్నవాడు తన కార్యాలయములో ఎన్నడును చక్రవర్తి కాడు. ఈ సంగతిని మూలకథ సూచించి విడిచినది; పిలకకథ పది సంపుటములు చూపినది.

అయితే ప్రతి పిలకయు ఇట్లే పండునా? అదే కైజీ కథనుండి మరియొకటి పుట్టినది. దాని నాయకుడు ఓత్సుకి. తల్లికథలో ఇతడు అప్పులవాండ్రను భూమిలోపల వెట్టిచాకిరి చేయించు చోట ముఠామేస్త్రి. అక్కడి కూలి పెరికా అను నాణెములలో నిత్తురు. 10 పెరికాలకు ఒక యెన్. ఇతడు కూలివాండ్రకు చల్లని సారాయి, చిరుతిండ్లు హెచ్చు వెలకమ్మి, నాలుగు, ఐదు, ఆరు చుక్కలు మాత్రమే గల దొంగపాచికలతో వారి కూలిని కాజేయును. భూమిపై ఒక్కదినము తిరిగి వచ్చుటకు అనుమతి 5,00,000 పెరికాలు. పిలకకథలో ఓత్సుకి ఆ యనుమతి కొని, పైకి వచ్చి, ఆ ఒక్కదినమున ఏమి తినవలెను, ఎట్లు తినవలెను అని మిక్కిలి శ్రద్ధతో గడుపును. దీనికి కథ కూర్చినవారు కూడ హగివర టెన్సెయియే. బొమ్మలు ఉఎహర మొతొము, అరయి కజుయ వారివి.

దీనిని చదువుట మాకెంతో ఇంపుగా నుండెను; దాచనేల? గడువు తెలిసిన సుఖము ఎట్టిదో ఇది చక్కగా చెప్పును. ఏడాదికొక్కమారు పుట్టింటికి పోయి, తిరుగుబండి వేళ యెరిగి, అమ్మ చేతి ముద్ద తినిన ఆడుదానికి దీనిని వేరుగా వివరింపనక్కరలేదు. అయినను, భోజనము ముగిసినవెనుక మాకొక వెలితి మిగిలినది. ఆ 5,00,000 పెరికాలు ఎవరి చెమట? ఆ ప్రశ్న ఇందు అరుదుగా వినబడును. తొనెగావా కథలో నవ్వు వచ్చిన ప్రతిచోట పైనున్న హ్యోదో నీడయు, క్రిందనున్న అప్పులవాని నీడయు పడుచుండును. ఓత్సుకి కథలో ఆ నీడలు దాదాపుగా తొలగినవి. కథ రుచిగానే యున్నది. కాని అది తల్లికథకు బదులు చెప్పదు. ఇతని స్థానమున మరియొక భోజనప్రియుని నిలిపినను కథ నడచును. తొనెగావా స్థానమున మరియొకనిని నిలుపజాలము. మా తరతమ నిర్ణయమునకు కారణము ఇంతమాత్రమే.

కావున పిలకకథ ఫలించినదా లేదా యని తెలిసికొనుటకు మేము మూడు ప్రశ్నలు వేసికొందుము. మొదటిది, తల్లికథ తెలియనివారును దీనిని చదివి ఆనందింతురా? రెండవది, ఈ పాత్రకు గాక మరియొక పాత్రకు ఈ కథ అతుకునా? అతుకునేని, పేరు కొరకు అంటించిన కథయే. మూడవది ముఖ్యమైనది: ఇది చదివి తల్లికథను మరల తెరచినపుడు, అందలి పుటలు మనకు కొత్తగా కనబడునా? ప్రవరుని యెరిగినవారు పురాణమును వేరుగా చదువుదురు. ఊర్మిళ పాట వినినవారికి లక్ష్మణుని అడుగుల చప్పుడు వేరుగా వినబడును. తొనెగావా ఈ మూడింటను నెగ్గెను. ఓత్సుకి మొదటిదానిలో మాత్రమే నిస్సంశయముగా నెగ్గెను.

ఒక్కమాట చెప్పి ముగింతుము. మన తెలుగు కథలలో అత్తగారికి చాలకాలముగా ఒకటే వేషము: గుమ్మములో నిలిచి కేక వేయుట. కోడలి కన్నీటి కథలు ఎన్నియో వచ్చినవి, రావలసినవే. కాని పైన మామగారి కోపమునకు, ప్రక్కన ఆడుబిడ్డల మాటలకు, చుట్టముల నాలుకలకు నడుమ నలిగి, తాను తినిన దెబ్బనే క్రిందికి దించుచున్న ఆ నడిమి యధికారిణి దినచర్య నెవరైన నవ్వుచు, నవ్వించుచు వ్రాసిరా? వ్రాసినచో కోడలికి తగిలిన దెబ్బ మాయము కాదు, కాకూడదు. ఆ దెబ్బ ఎక్కడనుండి బయలుదేరినదో మాత్రము కనబడును. మన పాఠకురాండ్రలో కలము పట్టువారు కలరు. ఈ పిలకను నాటుడు. దాని మొదట నీరు పోయుటకు మేము సిద్ధముగా నున్నాము.

మా గుమాస్తా సంగతి యడుగుదురేమో. నాలుగవ యేట అప్పు తీరినది. చివరి రసీదు తెచ్చిన నాడు అతడు కేక వేయలేదు, తలుపు తట్టెను. ఆనాడే మొదటిసారి మేము అతని పేరడిగితిమి.